బోర్డు పాడయ్యేది తొట్టెలో కాదు

రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఉన్న ఐస్‌క్రీం డబ్బాలోంచి ప్లాస్టిక్ చెంచాతో పైకి తీసిన సర్క్యూట్ బోర్డు మీద ట్రాకులు, అంటే కరెంటు పారే రాగి గీతలు, అక్కడక్కడా తెగి, కాళ్లు సోల్డర్ చేసే ప్యాడ్లు పురుగు కొట్టిన ఆకుల్లా కనిపిస్తే మొదట వచ్చే మాట ఒకటే: ‘ఫెర్రిక్ క్లోరైడ్ మంచిది కాదు.’ దుకాణం మారుస్తారు, కొత్త పొట్లం తెస్తారు, ఈసారి ఇంకాసేపు నానబెడతారు. ట్రాకులు మళ్లీ తెగుతాయి. ఇంట్లో ఇలాంటి పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) చేసుకోవడానికి ఉన్న దారుల్లో చవకైనది టోనర్ ట్రాన్స్‌ఫర్, అంటే లేజర్ ప్రింటు తీసిన బొమ్మను ఇస్త్రీ పెట్టెతో రాగి మీదికి దింపడం. దాంతో వచ్చే చిక్కల్లా తప్పు ఒకచోట జరిగి మరోచోట బయటపడటమే. ద్రావణంలో దింపేసరికే బోర్డు తలరాత రాసి ఉంటుంది. ద్రావణం దాన్ని చదివి పెడుతుందంతే.

విశాఖపట్నంలో సరంజామాకి కరువు లేదు. డాబాగార్డెన్స్ వైపు వెళ్తే రెసిస్టర్లు, ఐసీలు దొరుకుతాయి, రాగి రేకు అతికించిన కాపర్ క్లాడ్ షీటూ అడగొచ్చు. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని ద్వారకానగర్‌లో, యూనివర్సిటీ పుణ్యమా అని మద్దిలపాలెంలో జిరాక్సు షాపు కోసం వెతుక్కోవాల్సిన పనే లేదు. ఇస్త్రీ పెట్టె ఎలాగూ ఇంట్లో ఉంటుంది. పడనిదల్లా ఊరి గాలి. సముద్రం మీద నుంచి వచ్చే తేమ కాగితంలోకీ దిగుతుంది, రాగి మీదా కూర్చుంటుంది, ఫెర్రిక్ క్లోరైడ్ పొట్లాన్నీ వదలదు. పొడి వాతావరణంలో ఉండేవాళ్లు చెప్పిన కొలతలు ఇక్కడ యథాతథంగా పనిచేయకపోవడానికి కారణం చాలావరకు అదే.

టోనర్‌ని సిరా అనుకుంటే మొదట్లోనే దారి తప్పినట్టు. అది ప్లాస్టిక్ పొడి. స్టైరీన్ అక్రిలేట్ లేదా పాలియెస్టర్ రెసిన్‌లో నలుపు కోసం కార్బన్ మసి, కొన్ని రకాల్లో ఐరన్ ఆక్సైడ్ కలిపి, 5 నుంచి 10 మైక్రాన్ల రేణువులుగా చేస్తారు. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొట్టమొదటి జిరాక్సు కూడా ఇలాంటి బదిలీయే. గంధకం పూసిన జింకు పలక మీద లైకోపోడియం పొడి చల్లి, అంటుకున్న అక్షరాలను మైనం కాగితం మీదికి దింపి, వేడి చేసి నిలబెట్టాడు. ఇప్పటి లేజర్ ప్రింటరు కూడా పొడిని కాగితం మీద పరిచి, దాదాపు 180 – 200 డిగ్రీల రోలరు కింద క్షణంలో కరిగించి అతికిస్తుంది. ఆ ప్లాస్టిక్‌ని రెండోసారి కరిగించి, ఈసారి రాగికి అంటుకునేలా చేయడమే టోనర్ ట్రాన్స్‌ఫర్. ఫెర్రిక్ క్లోరైడ్‌కి ప్లాస్టిక్ అంటే గిట్టదు, రాగి అంటే ప్రాణం. నల్లటి గీత కింద రాగి మిగులుతుంది, మిగతాదంతా కరిగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటు ఇందుకు పనికిరాదు. ఆ రంగులో వేడికి కరిగి రాగిని పట్టుకునే ప్లాస్టిక్ ఉండదు.

మొదటి తప్పు కంప్యూటరు ముందే జరుగుతుంది. ప్రింటు డైలాగులో ‘కాగితానికి సరిపోయేలా’ అన్న ఆప్షను టిక్ అయి ఉంటే, డ్రాయింగు నాలుగు వైపులా కాస్త కుదించుకుపోతుంది. కంటికి తేడా తెలియదు. 40 కాళ్ల ఐసీలో ఒక వరస మొదటి కాలికీ చివరి కాలికీ మధ్య దూరం 48.26 మిల్లీమీటర్లు. 3 శాతం కుదిస్తే చివరి కాలు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకి పడుతుంది, అంటే రంధ్రంలోకి దిగదు. ఇది తెలిసేది డ్రిల్లింగ్ కూడా అయిపోయాక. అందుకే మామూలు ఎ4 కాగితం మీద ఒక ప్రింటు తీసి, ఐసీని దాని మీద నిలబెట్టి చూడటం ఈ మొత్తం పనిలో అతి చవకైన బీమా.

అద్దం ప్రతిబింబం గొడవ అంతకన్నా ఎక్కువమందిని ముంచింది. ఒక వైపే రాగి ఉండే బోర్డుకి కైక్యాడ్ లాంటి బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కింది పొరను పైనుంచి బోర్డు గుండా చూస్తున్నట్టు చూపిస్తుంది. ప్రింటును రాగి మీద బోర్లించగానే అది దానంతటదే తిరగబడుతుంది కాబట్టి విడిగా మిర్రర్ చేయక్కర్లేదు. రెండు వైపులా రాగి ఉన్న బోర్డులో పై పొరకు మాత్రం చేయాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కంటే కింది పొర మీద నాలుగు అక్షరాలు పెట్టుకోవడం సులువు. కాగితం మీద ఆ అక్షరాలు తిరగబడి కనిపిస్తే, రాగి మీద సరిగ్గా చదవొచ్చు. పొరపాటున రెండుసార్లు తిప్పితే ఏమవుతుందో 555 టైమర్ అనే ఎనిమిది కాళ్ల ఐసీతో తెలుస్తుంది. దాని 1వ కాలు గ్రౌండు, 8వ కాలు పాజిటివ్ సప్లై. బోర్డు తిరగబడితే ఈ రెండూ ఒకదాని చోటికి ఒకటి వస్తాయి, సప్లై ఇవ్వగానే ఐసీ కాలిపోతుంది. అలాంటి బోర్డును పారేయక్కర్లేదు, ఐసీని రాగి వైపు నుంచే పెట్టి సోల్డర్ చేస్తే లెక్క మళ్లీ సరిపోతుంది. చూడ్డానికి బాగుండదు, పని మాత్రం చేస్తుంది.

ట్రాకుల వెడల్పు దగ్గర దురాశ పనికిరాదు. 600 డీపీఐ ప్రింటరు వేసే ఒక చుక్క 0.042 మిల్లీమీటర్లే కాబట్టి జుట్టంత సన్నగా గీయొచ్చు అనిపిస్తుంది. ఇస్త్రీ పెట్టె కింద నలిగి, ద్రావణంలో అంచులు కోసుకుపోయాక నమ్మకంగా నిలిచేది 0.5 మిల్లీమీటర్లు, చేయి తిరిగాక 0.3. ఐసీ కాళ్ల మధ్య నుంచి ఒక్క ట్రాకు పోనివ్వవచ్చు, రెండోది వద్దు. కరెంటు ఎక్కువ పోయే చోట 35 మైక్రాన్ల మందం ఉన్న మామూలు రాగి మీద 1 మిల్లీమీటరు ట్రాకుకి సుమారు 2 ఆంపియర్లు లెక్క వేసుకుంటే పెద్దగా వేడెక్కదు.

కాగితం దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో సిద్ధాంతం. మామూలు ఎ4 మీద టోనర్ కరిగి నారల మధ్యలోకి దిగిపోతుంది, ఇస్త్రీ చేసినా అక్కడి నుంచి పూర్తిగా రాదు. నున్నటి పత్రిక కాగితం మీద సున్నం, చీనామట్టి కలిసిన పూత ఉంటుంది. టోనర్ ఆ పూత మీదే కూర్చుంటుంది, నీళ్లలో నానితే పూత వదులై కాగితాన్ని వదిలేస్తుంది. అందుకని పాత వారపత్రికల పల్చటి నున్నటి పేజీలకు ఈ పనిలో మంచి గిరాకీ. పేజీ మీద ఏ హీరో బొమ్మ ఉన్నా నష్టం లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడే సిరా టోనర్‌లా మళ్లీ కరిగి రాగికి అంటుకోదు. విశాఖలో ఇంకో కాగితం ఊరికే దొరుకుతుంది, భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కనే అంటూ చేతిలో పెట్టే వెంచరు కరపత్రాలు. వాటిలో పల్చనివి పనికొస్తాయి. ల్యామినేషన్ మెరుపు ఉన్న దళసరివి ప్రింటరులో ఇరుక్కుంటాయి, ఒకవేళ దూరినా ఆ ప్లాస్టిక్ పొర నీళ్లను లోపలికి పోనివ్వదు. స్టిక్కర్ల వెనక వచ్చే పసుపు కాగితం రాగి మీద టోనర్‌ని అద్భుతంగా వదులుతుంది. కాకపోతే మరీ జారుడు కాబట్టి ప్రింటరులోనే గీతలు చెదిరే ప్రమాదం ఉంది.

జిరాక్సు షాపువాళ్లు బయటి కాగితం పెట్టడానికి ఒప్పుకోకపోతే తప్పుపట్టలేం. ఇరుక్కుంటే మిషన్ విప్పాల్సింది వాళ్లే. ఎ4 కాగితం మీద ఈ ముక్కను ముందు అంచున కాగితపు లేబుల్‌తో అతికించి ఇస్తే ఇరుక్కునే అవకాశం తగ్గుతుంది. సెల్లోటేపు మాత్రం వద్దు, రోలరు వేడికి మెత్తబడి లోపల అంటుకుంటుంది. టోనర్ ఆదా చేసే మోడు తీసేసి, నలుపు పూర్తిగా పెంచమని అడగాలి. బూడిద రంగు ప్రింటు అంటే పొర నిండా సూది రంధ్రాలే.

తేమ దెబ్బ మొదట తగిలేది ఇక్కడే. రెండు రోజులు బల్ల మీద పడి ఉన్న కాగితం తేమ పీల్చుకుంటుంది. వేడి ఇస్త్రీ పెట్టె పడగానే ఆ తేమ ఆవిరై, కాగితాన్ని రాగి నుంచి లోపలి నుంచే పైకి నెడుతుంది. పైనుంచి చూస్తే అంతా అంటుకున్నట్టే ఉంటుంది, నానబెట్టాక మధ్యలో ట్రాకులు కాగితంతోపాటే లేచి వస్తాయి. ప్రింటు తీసిన రోజే వాడటం, లేదా అంతకుముందు కాసేపు వెచ్చటి చోట ఆరనివ్వడం దీనికి మందు. ఆగస్టులో చేసిన బోర్డుకి, జనవరిలో చేసిన బోర్డుకి మధ్య తేడా చాలాసార్లు ఇదే, చేతివాటం కాదు.

రాగిని శుభ్రం చేయడం మరీ చిన్న పనిలా కనిపిస్తుంది కాబట్టి అక్కడే బద్ధకిస్తారు. దుకాణంలో వేలాడి వచ్చిన కాపర్ క్లాడ్ మీద ఒకపక్క ఆక్సైడ్ మరకలు, మరోపక్క పట్టుకున్న ప్రతివాడి వేలి నూనె ఉంటాయి. ఈ రెండూ వేరువేరు మురికులు, రెండింటికీ ఒకే మందు పనిచేయదు. ఆక్సైడ్‌కి తెలుగిళ్లలో వందల ఏళ్ల నాటి మందు ఉంది. రాగి చెంబు తోమే చింతపండు. అందులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడ్‌ని కరిగిస్తుంది, కింద గులాబీ రంగు లోహం బయటపడుతుంది. నూనెకి మాత్రం గిన్నెలు తోమే సబ్బు, స్కాచ్‌బ్రైట్ పీచు కావాలి. పీచుతో అన్ని దిక్కులా సన్నటి గీతలు పడితే టోనర్‌కి పట్టు కూడా దొరుకుతుంది. తోమడం పూర్తయిందో లేదో చెప్పేది నీళ్లే. కొళాయి కింద పెట్టి పైకెత్తినప్పుడు నీళ్లు బొట్లు కట్టకుండా పలచటి పొరలా నిలిస్తే నూనె పోయినట్టు. ఎక్కడైనా పొర విడిపోయి బొట్టు కడితే అక్కడ ట్రాకు నిలవదు. ఆరాక బోర్డును అంచులతోనే పట్టుకోవాలి. చింతపండు పులుపు పూర్తిగా కడగకపోయినా, తోమి రాత్రంతా వదిలేసినా ఈ ఊరి గాలిలో తెల్లారేసరికి రాగి మళ్లీ నల్లబడటం మొదలవుతుంది. తోమడం, ఇస్త్రీ ఒకే కూర్చోడంలో అయిపోవాలి.

ఇక ఇస్త్రీ. ఈ పద్ధతిలో అసలు కళ ఇదే, చాలామంది తొందరపడేదీ ఇక్కడే. కాటన్ సెట్టింగులో పెట్టె అడుగు దాదాపు 200 డిగ్రీలకు చేరుతుంది. టోనర్ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కానీ ఆ వేడి కాగితం దాటి రాగికి చేరాలి. చల్లటి రాగి మీద మెత్తబడిన టోనర్ తగలగానే మళ్లీ గట్టిపడుతుంది, పట్టు దొరకదు. అందుకని ముందు కాగితం లేకుండానే బోర్డును అర నిమిషం వేడి చేసి, ఆ తర్వాత ప్రింటును బోర్లిస్తే సగం పని అయిపోయినట్టే. వేడి రాగి మీద కాగితం పడగానే అక్కడే అతుక్కుంటుంది, కదలదు. ఆపైన చొక్కా ఇస్త్రీ చేసినట్టు పెట్టెను జరపకూడదు. ఒకచోట నొక్కి ఉంచి, ఎత్తి, పక్కన నొక్కాలి. జరిపితే కరిగిన టోనర్ పక్కకి సాగి, ట్రాకులు ఒకదానికొకటి తగులుతాయి.

ఆవిరి ఇస్త్రీ పెట్టెలది ఇంకో పేచీ. ఆవిరి ఆపేసినా అడుగున రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల కింద ఒత్తిడి ఉండదు. బోర్డు తీసి చూస్తే, ట్రాకులు ఊడిన చోట్లు చిన్నచిన్న గుండ్రాలుగా వరసగా ఉంటాయి. ఆ వరసను ఇస్త్రీ పెట్టె అడుగుతో పోల్చి చూస్తే రెండూ సరిగ్గా సరిపోతాయి. కొత్త పెట్టెకన్నా అటక మీది పాత బరువు పెట్టె ఈ పనికి మేలు. ఇంకా మేలైనది ల్యామినేషన్ మిషన్. రెండు రోలర్ల మధ్య వేడి, ఒత్తిడి అంతటా ఒకేలా పడతాయి. 1.6 మిల్లీమీటర్ల బోర్డు చాలా మిషన్లలో దూరదు, 0.8 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్4 (గాజు నార) షీటు దూరుతుంది, పదిసార్లు అయినా తిప్పాలి. షాపులో మిషన్‌లోకి రాగి రేకు పంపమని అడిగితే వచ్చే సమాధానం ఊహించుకోవచ్చు. ఈ పని తరచూ చేసేవాళ్లు సెకండ్ హ్యాండ్ మిషన్ ఒకటి కొనుక్కోవడం మంచిది.

వేడి చల్లారాక నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు నానాలి. కాగితాన్ని లాగకూడదు, బొటనవేలితో రుద్దితే ముద్దలు ముద్దలుగా ఊడిరావాలి. తడిగా ఉన్నప్పుడు బోర్డు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. ఆరబెట్టి ట్యూబ్‌లైటు కింద వాల్చి చూసినప్పుడు ట్రాకుల మధ్య సున్నం వేసినట్టు తెల్లటి పూత కనిపిస్తే అది కాగితం పూత. అది ఉన్నచోట ద్రావణం రాగిని ముట్టుకోదు. వెనిగర్ చుక్క వేసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే సున్నం భాగం కరిగి వస్తుంది.

ఈ మొత్తం వరసలో తిరిగి వెనక్కి వెళ్లే వీలున్న చివరి చోటు ఇదే. ట్రాకు ఒకటి రెండు చోట్ల తెగితే పర్మనెంట్ మార్కరుతో రెండు పూతలు వేయవచ్చు. అంతకన్నా ఎక్కువ తెగితే థిన్నరుతో టోనర్ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడమే లాభం. పోయేది ఒక కాగితం, అరగంట. అనుమానంతోనే తొట్టెలోకి దింపితే షీటే పోతుంది.

ఇప్పుడు ఫెర్రిక్ క్లోరైడ్ మీద పడే నిందను లెక్క వేసి చూడవచ్చు. ఒక వైపు రాగి ఉన్న 10 సెంటీమీటర్ల చదరపు బోర్డు మీద ఉండే రాగి మొత్తం 3.1 గ్రాములే. దాన్నంతా కరిగించడానికి బెల్లం గడ్డల్లా కనిపించే ఫెర్రిక్ క్లోరైడ్ లెక్క ప్రకారం 27 గ్రాములు చాలు. అర లీటరు నీళ్లలో పావుకిలో కలిపితే అది సిద్ధాంతపరంగా అలాంటి తొమ్మిది బోర్డుల రాగిని తినగలదు. నిజంగా వాడేటప్పుడు సగం దాటాక మందగిస్తుంది, సరే. అయినా మొదటి బోర్డుకే ‘పొడి చాలలేదు’ అనడానికి ఆస్కారం లేదు. పైగా బలం తగ్గిన ద్రావణం పని నెమ్మదిగా చేస్తుందే తప్ప ట్రాకును మధ్యలో తెంచదు. తెగిన ట్రాకు అంటే అక్కడ టోనర్ లేదు, లేదా ఉన్నా పట్టు లేదు. మిగిలిపోయిన రాగి మచ్చ అంటే అక్కడ కాగితం పూతో, వేలి నూనో ఉంది. ట్రాకు నిండా ఇసుక చల్లినట్టు చుక్కలుంటే ప్రింటు పలచన. అన్ని ట్రాకులూ సమానంగా సన్నబడితే మాత్రం నిజంగానే తొట్టెలో ఎక్కువసేపు ఉంచినట్టు. రాగి కిందికే కాదు, పక్కకీ కరుగుతుంది. ద్రావణానికి అంటగట్టగల తప్పు ఈ ఒక్కటే, అదీ సగమే.

కలిపేటప్పుడు నీళ్లలో గడ్డలు వేయాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు, చాలా వేడి పుడుతుంది. 40 – 45 డిగ్రీల వెచ్చదనంలో, డబ్బాను మెల్లగా ఊపుతూ ఉంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మే నెలలో మేడ మీద ఎండే ఆ వెచ్చదనం ఇస్తుంది. పొట్లం మూతి విప్పి వదిలేస్తే గడ్డలు ఈ గాలిలోని నీటిని తామే లాక్కుని రెండు మూడు రోజుల్లో పాకంలా మారతాయి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాయే దానికి చోటు. స్టీలు గిన్నె, స్టీలు సింకు దగ్గరికి మాత్రం రానివ్వకూడదు, గుంటలు పడతాయి. పాలరాయి నేల మీద పడితే మరక మాత్రమే కాదు, రాయే కరుగుతుంది. బాత్రూం యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపే దారి ఇంకా వేగం. కానీ దాని ఆవిరికి అదే గదిలోని పనిముట్లన్నీ తుప్పు పడతాయి, బ్లీచింగ్ పౌడర్ పొరపాటున తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంట్లో అది వద్దు.

వాడేసిన ద్రావణం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొళాయి పక్క కాలవలో పోస్తే ఈ ఊళ్లో అది గెడ్డలోకి (వాగులోకి), గెడ్డ నుంచి బీచ్‌కో హార్బరుకో చేరుతుంది. కరిగిన రాగి చేపలకూ నీటి జీవాలకూ కొద్ది మోతాదులోనే విషం. చాకలి సోడా కొద్దికొద్దిగా వేస్తూ పోతే (ఒకేసారి వేస్తే పొంగుతుంది) రాగీ ఇనుమూ బురదగా అడుగుకు దిగుతాయి. పైనీరు తేరాక ఆ బురదను ఆరబెట్టి, కాస్త సిమెంటు ముద్దలో కలిపేస్తే నీళ్లతో కొట్టుకుపోదు. ఏడాదికి నాలుగు బోర్డులు చేసేవాడికి ఇది పెద్ద పని కాదు.

చైనా నుంచి 10 సెంటీమీటర్ల బోర్డులు ఐదు రెండు డాలర్లకే వస్తుంటే ఈ తంటాలెందుకన్న ప్రశ్న సబబే. రవాణా, కస్టమ్స్ కలిస్తే ఆ రెండు డాలర్లు ఎటో పోతాయి, వారాలు పడుతుంది. అయినా రెండు పొరల బోర్డు, సన్నటి ట్రాకులు, ట్రాకులను కప్పే సోల్డర్ మాస్క్ పూత కావాలంటే బయట చేయించుకోవడమే తెలివైన పని. రంధ్రాల్లో రాగి పూత ఇంట్లో రాదు. 230 వోల్టులు నేరుగా పారే బోర్డు మాత్రం, ముఖ్యంగా తేమ పీల్చే ఫినాలిక్ షీటు మీద, ఈ పద్ధతిలో చేయకూడదు. ఇంటి బోర్డుకి మిగిలేది ఒక సాయంత్రంలో సర్క్యూట్ నిజమో కాదో తేల్చుకునే సౌకర్యం. సోమవారం ల్యాబులో చూపించాల్సిన మినీ ప్రాజెక్టు శనివారం దాకా సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీదే ఉన్నవాళ్లకు దాని విలువ తెలుసు.

అపార్టుమెంటు ట్యాంకు నిండితే కూసే బజర్ సర్క్యూట్ అలాంటిదే. ఒక 555, ఒక ట్రాన్సిస్టర్, ఒక డయోడు, నాలుగు రెసిస్టర్లు, 5 బై 7 సెంటీమీటర్ల బోర్డు. ఐసీ, రెసిస్టర్లకు 0.8, టెర్మినళ్లకు, 1ఎన్4007 డయోడుకి 1 మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు. మామూలు బిట్లు ఎఫ్ఆర్4లోని గాజు నారకు త్వరగా మొద్దుబారతాయి, కార్బైడ్‌వి నిలుస్తాయి కానీ చేయి వణికితే విరుగుతాయి. టోనర్ తుడిచిన వెంటనే ట్రాకుల మీద పలచగా సోల్డర్ పూయాలి, పని పూర్తయ్యాక వార్నిష్ వేయాలి. సముద్రం వైపు తెరుచుకునే మేడ మీద ఒట్టి రాగి ఒక వర్షాకాలం కూడా మెరుస్తూ ఉండదు. ట్యాంకులోకి ప్రోబు తీగలు దిగే రెండు ప్యాడ్ల దగ్గర వార్నిష్ రెండు పూతలు పడాలి. చిలుము పట్టడం ఎప్పుడూ అక్కణ్నుంచే మొదలవుతుంది.